చందమామ చూస్తుంటే ముద్ద ఎలా దిగుతుంది?

మీ ఇంట్లోనో, పక్కింట్లోనో మూడు నాలుగేళ్ళ తమ్ముడో చెల్లెలో ఉంటే ఈ సంగతి మీకు కొత్త కాదు. పళ్ళెం ముందు పెట్టగానే పెదవులు బిగుసుకుంటాయి. తల అటూ ఇటూ ఊగుతుంది. "నాకొద్దు" అనే మాట తప్ప ఇంకో మాట రాదు. అదే అన్నాన్ని అవ్వ మిద్దె మీదికి తీసుకుపోయి, చిన్న చిన్న ముద్దలు చేసి, "ఇది కాకి ముద్ద, ఇది పిల్లి ముద్ద, ఇది చందమామ ముద్ద" అంటుంటే కాసేపట్లో పళ్ళెం ఖాళీ అవుతుంది. బియ్యం మారలేదు. పప్పు మారలేదు. ఉప్పయినా మారలేదు. మరి మారిందేమిటి?

ఇది నవ్వుకుని వదిలేసే ప్రశ్న కాదు. దీని మీద గత నలభై, యాభై ఏళ్ళుగా శాస్త్రజ్ఞులు ప్రయోగాలు చేస్తున్నారు. మన పెద్దవాళ్ళు మాత్రం అంతకు చాలాముందే దీన్ని ఆచరణలో పెట్టారు. అన్నమయ్య (1408–1503) కీర్తనలు తిరుమల ఆలయ భాండాగారంలో రాగిరేకుల మీద దొరికిన సంగతి మీరు చదువుకునే ఉంటారు. ఆయన కీర్తనల్లో ఒకదానిలో చందమామను పిలిచి, బిడ్డ కోసం బంగారు గిన్నెలో వెన్నా పాలూ తెమ్మని అడుగుతారు. అంటే అయిదారు వందల ఏళ్ళ కిందట కూడా తెలుగు తల్లులకు ఇదే చిక్కు, ఇదే ఉపాయం ఉన్నాయన్నమాట. ఆ ఉపాయం ఎలా పనిచేస్తుందో చూద్దాం.

"ఒద్దు" అనడానికీ కారణం ఉంది

ముందు ఒక లెక్క చూడండి. పుట్టినప్పుడు బిడ్డ బరువు సుమారు 3 కిలోలు. మొదటి పుట్టినరోజు నాటికి అది మూడు రెట్లయి దాదాపు 9 కిలోలవుతుంది. అంటే ఒక్క ఏడాదిలో 6 కిలోల పెరుగుదల. రెండో ఏట పెరిగేది రెండు, రెండున్నర కిలోలే. పెరుగుదల వేగం తగ్గినప్పుడు ఒంటికి కావలసిన ఆహారం కూడా ఆ లెక్కన పెరగదు. నిన్నటి దాకా గబగబా తిన్న పిల్లవాడు ఇవాళ సగం ముద్దతో లేచిపోవడానికి ఇదొక కారణం. "మా వాడు ఏమీ తినడం లేదు" అని అమ్మ బెంగపడుతుంది. వాడి కడుపు మాత్రం తనకు చాలినంత అందిందని చెబుతూ ఉంటుంది.

రెండో కారణం కొత్తదనం మీద అనుమానం. మనిషి ఆకులు, కాయలు, దుంపలు, గుడ్లు, మాంసం అన్నీ తినగలిగిన ప్రాణి. ఇది గొప్ప సౌకర్యమే కాని ప్రమాదం కూడా. అడవిలో ప్రతి కాయా తినదగ్గది కాదు కదా! నడక రాని బిడ్డ నోట్లోకి తల్లి ఏది పెడితే అదే పోతుంది. నడక వచ్చాక చేతికి అందినదల్లా నోట్లో పెట్టుకుంటే ప్రాణానికే ముప్పు. సరిగ్గా ఆ వయసు నుంచే, అంటే రెండో ఏడు మొదలుకొని ఆరో ఏడు దాకా, తెలియని తిండి పట్ల అనుమానం ఎక్కువగా ఉండడం ప్రపంచమంతటా కనబడుతుంది. తెలియనిదాన్ని ఉమ్మేసిన పిల్లలే ఆ రోజుల్లో బతికి బట్టకట్టి ఉంటారని శాస్త్రజ్ఞులు ఊహిస్తున్నారు. కాబట్టి కాకరకాయ చూసి మొహం తిప్పుకునే మీ తమ్ముడు మొండివాడు కాడు. పాత కాలపు జాగ్రత్త ఒకటి వాడి బుర్రలో ఇంకా కాపలా కాస్తోంది.

చేదు సంగతి కూడా అంతే. మొక్కల్లోని విషాలు చాలావరకు చేదుగా ఉంటాయి. అందుకే మన నాలుక తీపిని ఒక ముఖ్యమైన గ్రాహకంతో గుర్తిస్తుంటే, చేదును గుర్తించడానికి సుమారు 25 రకాల గ్రాహకాలను పెట్టుకుంది. పైగా అవి అందరిలో ఒకేలా పనిచేయవు. 1931లో అమెరికాలో ఆర్థర్ ఫాక్స్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు ఫినైల్ థయోకార్బమైడ్ అనే పొడిని సీసాలో పోస్తుండగా కొంత గాలిలోకి లేచింది. పక్కనున్న సహోద్యోగి "అబ్బా, ఎంత చేదు!" అన్నాడు. ఫాక్స్‌కు మాత్రం ఏ రుచీ తెలియలేదు. తరువాత పరీక్షించి చూస్తే జనంలో కొందరికి ఆ చేదు తెలుస్తుందనీ, కొందరికి తెలియదనీ, ఇది తల్లిదండ్రుల నుంచి సంక్రమిస్తుందనీ బయటపడింది. దీనికి కారణమైన జన్యువును 2003లో గుర్తించారు. క్యాబేజీ, ఆవ జాతి కూరల్లో ఇలాంటి చేదు పదార్థాలే ఉంటాయి. ఒకే పళ్ళెంలోని క్యాబేజీ కూర అక్కకు కమ్మగా, తమ్ముడికి చేదుగా ఉండవచ్చు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు!

నాలుక కంటే ముందు కన్ను

రుచి అనగానే మనకు నాలుకే గుర్తుకు వస్తుంది. కాని నాలుకకు తెలిసినవి తీపి, పులుపు, ఉప్పు, చేదు, మాంసం పులుసులో ఉండే ఉమామి అనే రుచి. అంతే. నారింజకూ అనాసకూ తేడా చెప్పేది ముక్కు. నమలుతున్నప్పుడు వాసన గొంతు వెనుక దారి గుండా ముక్కులోకి పోతుంది. జలుబు చేసినప్పుడు రసం చప్పగా అనిపించేది ఇందుకే.

వాసన కంటే ముందు పనిచేసేది కన్ను. 1980లో అమెరికాలో ఒక ప్రయోగం జరిగింది. చెర్రీ పండు రుచి గల పానీయానికి నారింజ రంగు కలిపి ఇస్తే, తాగినవాళ్ళలో కొందరు అది నారింజ రసమే అన్నారు. అంటే పదార్థం నోట్లో పడకముందే దాని రుచి ఎలా ఉండాలో మెదడు ఒక అంచనా వేసుకుంటుంది. నోట్లో పడ్డాక ఆ అంచనాతోనే పోల్చి చూస్తుంది.

ఇక స్పర్శ. బెండకాయ జిగురు, వంకాయ మెత్తదనం, పాల మీద మీగడ... పెద్దవాళ్ళకు ఇవి లెక్కలోకి రావు. చిన్నపిల్లలకు ఇవే పెద్ద అడ్డంకులు. బెండకాయ పులుసును ముట్టని పిల్ల కరకరలాడే బెండకాయ వేపుడును ఇష్టంగా తింటుంది. ఆమెకు నచ్చనిది బెండకాయ కాదు, జిగురు.

ఇప్పుడు అవ్వ చేసిన పనిని గమనించండి. కుప్పగా ఉన్న అన్నాన్ని చిన్న ముద్దలు చేసింది. పెద్ద కుప్పను చూస్తే "ఇంతా నేనే తినాలా?" అన్న భయం కలుగుతుంది. ముద్ద చిన్నదైతే ఆ భయం ఉండదు. ప్రతి ముద్దకూ ఒక పేరు పెట్టింది. తెలియని పదార్థం తెలిసిన కాకిగా, పిల్లిగా మారింది. పళ్ళెం చుట్టూ ఉన్న గొడవను తీసేసి అక్కడ ఒక ఆటను పెట్టింది. గోరుముద్దలో ఇన్ని పనులున్నాయి.

ప్రయోగాలు ఏం చెబుతున్నాయి?

అవ్వ అనుభవం సరే. దానికి రుజువు ఉందా అని అడగడం సైన్సు చదివేవాళ్ళ ధర్మం. కొన్ని ప్రయోగాలు చూద్దాం.

మొదటిది 1982లో జరిగింది. లియాన్ బర్చ్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞురాలు, ఆమె సహచరి డయాన్ మార్లిన్ రెండేళ్ళ పిల్లలకు వాళ్ళు ఎన్నడూ తినని పదార్థాలను రుచి చూపించారు. కొన్నింటిని 2 సార్లే చూపించారు. కొన్నింటిని 5, 10, 15, 20 సార్లు చూపించారు. తరువాత ఏది కావాలో ఎంచుకోమంటే, ఎక్కువసార్లు రుచి చూసినదాన్నే పిల్లలు ఎక్కువగా ఎంచుకున్నారు. మనం ఏం చేస్తాం? రెండుసార్లు బీట్‌రూటు పెట్టి, ఉమ్మేస్తే "వీడికి బీట్‌రూటు పడదు" అని తీర్పు చెప్పేస్తాం. అలవాటు కావడానికి పది, పదిహేనుసార్లు పట్టవచ్చు. ప్రతిసారీ ఒక చిటికెడు చాలు.

రెండోది 2010లో నెదర్లాండ్స్‌లో ప్రచురితమైంది. 4 నుంచి 7 ఏళ్ళ పిల్లలకు పండ్ల ముక్కలను రెండు రకాలుగా అందించారు. మామూలుగా పళ్ళెంలో పెట్టినవి కొన్ని. జెండాలున్న పుల్లలకు గుచ్చి పుచ్చకాయ మీద నిలబెట్టినవి కొన్ని. పండ్లు రెండు చోట్లా ఒకటే. అయినా అందంగా నిలబెట్టిన పండ్లను పిల్లలు దాదాపు రెట్టింపు తిన్నారు.

మూడోది 2017లో ఇంగ్లండులో ప్రచురితమైంది. చిన్న బడి పిల్లల్లో కొందరి చేత నిజమైన కూరగాయలు, పండ్ల ముక్కలతో బొమ్మలు చేయించారు. కొందరికి అలా చేయడం చూపించారు, అంతే. ఇంకొందరి చేత కూరగాయలు కాని వస్తువులతో బొమ్మలు చేయించారు. తరువాత కూరగాయలను రుచి చూడమంటే, స్వయంగా చేతులతో ముట్టి ఆడుకున్నవాళ్ళే ఎక్కువ రకాలు రుచి చూశారు. చేతికి అలవాటయింది నోటికి సులభమయిందన్నమాట.

నాలుగోది కూడా బర్చ్ చేసిందే, 1980లో. ఒక కూర ఇష్టంలేని పిల్లను ఆ కూర ఇష్టపడే ముగ్గురు నలుగురు పిల్లల మధ్య భోజనానికి కూర్చోబెట్టారు. ఎవరూ ఏమీ చెప్పలేదు. నాలుగు రోజులు గడిచేసరికి అలాంటి పిల్లల్లో చాలామంది తక్కినవాళ్ళు తినేదాన్నే ఎంచుకోవడం మొదలుపెట్టారు.

ఈ నాలుగో ప్రయోగాన్ని చదివినప్పుడు మన ఊళ్ళవాళ్ళకు గంగజాతర గుర్తుకు వస్తుంది. మే నెలలో తిరుపతి గంగమ్మ జాతరకు రాగి అంబలి కాస్తారు. ఇంట్లో అంబలి గ్లాసు చూసి పారిపోయే పిల్లలు వేషాల మధ్య, జనం మధ్య నిలబడి చెంబుడు అంబలి తాగడం చూస్తుంటాం. కార్తీక వనభోజనాల్లోనూ ఇంతే. అందరి పక్కనా కూర్చుంటే ఆకులో ఏదీ మిగలదు.

మన వంటింటి ఉపాయాలు

పుచ్చకాయలూ జెండాలూ లేకపోయినా ఫరవాలేదు. చిత్తూరు వైపు ఇళ్ళలో ఉన్నవాటితోనే ఎన్నో చేయవచ్చు.

సంగటినే తీసుకోండి. రాగి సంగటి ముద్ద నున్నగా, గుండ్రంగా ఉంటుంది. బొటనవేలితో మధ్యలో ఒక గుంట నొక్కి పప్పో, ఆకుకూర పులుసో పోస్తే అది చెరువు. చుట్టూ ఉన్నది కట్ట. "కట్ట తెగకుండా చెరువు ఖాళీ చెయ్యాలి, చూద్దాం" అంటే నాలుగేళ్ళవాడు కూడా జాగ్రత్తగా తింటాడు. ఈ ఆట ఎందుకంత ముఖ్యమో ఒక అంకె చెబుతుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది. అదే బరువు తెల్ల బియ్యంలో 10 మిల్లీగ్రాములు కూడా లేదు. ఎముకలు పెరిగే వయసులో ఇది చిన్న తేడా కాదు.

దోశతో అక్షరాలు వేయవచ్చు. పిల్లవాడి పేరులోని మొదటి అక్షరాన్ని గరిటెతో పెనం మీద తిప్పితే, ఆ దోశ వాడి సొంతమవుతుంది. పిండిలో తురిమిన క్యారెట్టు, మునగాకు కలిపినా అభ్యంతరం చెప్పడు. ఒక నియమం మాత్రం పాటించాలి. మునగాకు కలిపిన సంగతి దాచకూడదు. "ఇది పచ్చచుక్కల దోశ, చుక్కలు మునగాకువి" అని చెప్పాలి. దాచిపెట్టి తినిపిస్తే మునగాకు వాడికి ఎప్పటికీ పరిచయం కాదు. పైగా ఒకనాడు కనిపెట్టేస్తే దోశను కూడా అనుమానిస్తాడు.

రంగుల కోసం అంగడి రంగులు అక్కరలేదు. బీట్‌రూటు రసం గులాబి రంగునూ, పాలకూర పచ్చరంగునూ, పసుపు పసుపురంగునూ ఇస్తాయి. ఇడ్లీ పిండిని మూడు గిన్నెల్లోకి పంచి ఈ మూడూ కలపండి. ఒకే పళ్ళెంలో మూడు రంగుల ఇడ్లీలు తేలుతాయి.

ఇక గుజ్జనగూళ్ళు. చిన్నపిల్లలు బుల్లి గిన్నెలు పెట్టుకుని ఉత్తుత్తి వంటలు వండి, వడ్డించుకునే ఆటకు తెలుగులో ఉన్న పాత పేరు ఇది. బువ్వలాట అని కూడా అంటారు. ఆ బుల్లి గిన్నెల్లో ఇసుకకు బదులు నిజమైన బొరుగులు, బెల్లం తురుము, ఉడికించిన అనపగింజలు, టమాటా ముక్కలు పెట్టి చూడండి. ఇంగ్లండులో 2017లో చేసిన ప్రయోగానికి ఇది మన పెరటి రూపం. అనపకాయలు ఒలవడం, మునగాకు దూయడం, కరివేపాకు కోసుకు రావడం కూడా పిల్లలకు ఆటే. తాను ఒలిచిన గింజను తాను తినకుండా ఉండడం కష్టం!

లంచం, బెదిరింపు, సెల్‌ఫోను

ఇప్పుడు చేయకూడనివి చెప్పుకుందాం.

"కూర తింటే చాక్లెట్టు ఇస్తా" అనే బేరం మన ఇళ్ళలో మామూలే. 1984లో బర్చ్ బృందం దీన్నీ పరీక్షించింది. ఒక పాల పానీయాన్ని తాగినందుకు కొందరు పిల్లలకు బహుమానం ఇచ్చారు. కొందరికి ఊరికే తాగనిచ్చారు. కొన్నాళ్ళకు బహుమానం పొందినవాళ్ళకే ఆ పానీయం మీద ఇష్టం తగ్గింది. "దీన్ని తాగడానికి లంచం ఇస్తున్నారంటే ఇది మంచిది కాదన్నమాట" అని పిల్లల లెక్క కాబోలు! అయితే ఇక్కడే ఒక మెలిక ఉంది. 2011లో ఇంగ్లండులో లూసీ కుక్ బృందం 4–6 ఏళ్ళ పిల్లలకు ఇష్టంలేని కూరను ఒక్క ముక్క రుచి చూసినందుకు బొమ్మ స్టిక్కరు ఇచ్చింది. అక్కడ ఇష్టం తగ్గలేదు. పైగా మూడు నెలల తరువాత కూడా పిల్లలు ఆ కూర తిన్నారు. రెండు ప్రయోగాలూ పోట్లాడుకుంటున్నట్లు కనిపిస్తాయి. తేడాలు గమనించండి. 1984లో ఇచ్చిన పానీయం పిల్లలు మామూలుగానే తాగేది. 2011లో ఇచ్చిన కూర వాళ్ళకు నచ్చనిది. రెండోసారి అడిగింది ఒక్క ముక్క మాత్రమే. ఇష్టంగా తినేదానికి లంచం అనవసరం, హానికరం. భయపడేదాన్ని ఒకసారి ముట్టుకునే ధైర్యానికి ఒక స్టిక్కరు సాయపడవచ్చు. ఇప్పటికి తేలింది ఇంత.

బెదిరింపు సంగతి మరీ స్పష్టం. 2006లో ప్రచురితమైన ప్రయోగంలో పిల్లలకు సూపు ఇచ్చి, కొన్నాళ్ళు "పూర్తిచెయ్యి, పూర్తిచెయ్యి" అని మాటిమాటికీ చెప్పారు. కొన్నాళ్ళు ఏమీ అనకుండా ఊరుకున్నారు. ఏమీ అనని సూపునే పిల్లలు ఎక్కువ తాగారు. ఒత్తిడి పెట్టిన సూపు గురించి చెడ్డ మాటలు ఎక్కువ అన్నారు. "తినకపోతే బూచాడు వస్తాడు" అనేవాళ్ళు ఈ ప్రయోగాన్ని తప్పక చదవాలి.

ఇక ఈ కాలపు చందమామ సెల్‌ఫోను. ఫోను చూపిస్తే బిడ్డ నోరు తెరుస్తుంది, నిజమే. కాని అవ్వ చందమామకూ దీనికీ పెద్ద తేడా ఉంది. గోరుముద్దల ఆటలో బిడ్డ ముద్దను చూస్తుంది, పేరు వింటుంది, అవ్వతో మాట్లాడుతుంది, కడుపు నిండితే తల తిప్పుకుంటుంది. ఫోను చూసే బిడ్డకు తాను ఏం తింటున్నదో తెలియదు, ఎంత తిన్నదో కూడా తెలియదు. అందువల్ల ఆ కూర పది రోజులు తిన్నా పరిచయం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల ప్రకారం రెండేళ్ళలోపు పిల్లలకు తెరల ముందు కాలక్షేపం అసలు వద్దు. 2 నుంచి 4 ఏళ్ళ వాళ్ళకు రోజుకు గంట మించకూడదు.

ఒక ఆపిల్ కథ

ఇంతవరకు చదివి, "బొమ్మ అంటిస్తే చాలు, పిల్లలు ఏదైనా తినేస్తారు" అనుకుంటున్నారా? కాస్త ఆగండి.

2012లో అమెరికాలో ఒక వైద్య పత్రికలో ఒక పరిశోధన అచ్చయింది. బడి పిల్లలకు ఆపిల్, బిస్కట్టు చూపించి ఎంచుకోమన్నారనీ, ఆపిల్ మీద టీవీ బొమ్మ స్టిక్కరు అంటిస్తే ఎక్కువమంది ఆపిల్ తీసుకున్నారనీ అందులో రాశారు. ఆ పిల్లల వయసు 8 నుంచి 11 ఏళ్ళు అన్నారు. రాసినవారిలో కోర్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన బ్రయాన్ వాన్సింక్ ఒకరు. చాలా బడులు ఆ సలహాను మెచ్చుకున్నాయి. తరువాత ఇతర శాస్త్రజ్ఞులు లెక్కలు తిరగేసి చూస్తే తప్పులు కనిపించాయి. చివరకు ఆ పిల్లలు 8–11 ఏళ్ళవాళ్ళే కారనీ, 3–5 ఏళ్ళవాళ్ళనీ తేలింది. 2017లో ఆ పత్రిక ఆ వ్యాసాన్ని రద్దు చేసింది. ఆయన రాసిన ఇతర వ్యాసాలు కూడా డజనుకు పైగా రద్దయ్యాయి.

దీనివల్ల బొమ్మలు పనిచేయవని రుజువు కాలేదు. ఆ ప్రయోగం మాత్రం దేన్నీ రుజువు చేయలేదని తేలింది. ఈ రెండు మాటలకూ తేడా ఉంది. మనకు నచ్చిన ఫలితం వచ్చినప్పుడే లెక్కను రెండోసారి చూసుకోవాలి.

పళ్ళెంలో ఏముందన్నది అసలు సంగతి

ఇదంతా ముద్దుముచ్చట అనుకోవద్దు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఆరు నెలల నుంచి అయిదేళ్ళలోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉంది. మన రాష్ట్రంలోనూ ఆ సంఖ్య 60 శాతానికి పైనే. ఆకుకూరలు, పప్పులు, గుడ్లు తినని చిన్నపిల్లల ఒంట్లో ఇనుము చాలదు. ఆకుకూర మీద నిమ్మరసం పిండితే అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. భోజనంతోపాటు టీ తాగితే సరిగా పట్టదు.

అయితే అలంకారం చేయడానికి ముందు పళ్ళెంలో ఏదో ఒకటి ఉండాలి. కూర కొనలేని ఇంట్లో బిడ్డ ఉత్త అన్నం వద్దంటే అది పేచీ కాదు. అందుకే బడి భోజనం ముఖ్యమైంది. దేశంలో మధ్యాహ్న భోజన పథకం 1995 ఆగస్టు 15న మొదలైంది. మన రాష్ట్రంలో 2003 జనవరి నుంచి బడుల్లో వండి వడ్డిస్తున్నారు. 2020 జనవరిలో వంటల పట్టిక మార్చి పులిహోర, తీపి పొంగలి, చిక్కీ వంటివి చేర్చినప్పుడు ఆ పథకానికి గోరుముద్ద పేరే పెట్టారు. 2023 మార్చిలో రాగిజావ చేరింది. 2024 నుంచి ఈ పథకం అన్నదానానికి పేరుపొందిన డొక్కా సీతమ్మ పేరున నడుస్తోంది. ఏ పేరున్నా, రోజుకొక రకం వంట ఉండడం, తోటి పిల్లలతో వరసలో కూర్చుని తినడం అనే రెండూ మనం పైన చెప్పుకున్న ప్రయోగాలకు సరిగ్గా సరిపోతాయి. మీ బడిలో చిన్న తరగతుల పిల్లలు కూర పారేస్తుంటే వాళ్ళ పక్కన కూర్చుని మీరు తినండి. ఏమీ చెప్పనక్కరలేదు.

మీరూ చేసి చూడండి

1. నారింజ బిళ్ళ, అనాస బిళ్ళ తెచ్చి స్నేహితుడి కళ్ళకు గంతలు కట్టండి. ముక్కు గట్టిగా పట్టుకోమని ఒక బిళ్ళ నోట్లో పెట్టండి. ఏ బిళ్ళో చెప్పమనండి. తరువాత ముక్కు వదలమనండి. ఏం జరిగిందో రాసుకోండి.

2. ఒకే నిమ్మరసాన్ని మూడు గ్లాసుల్లో పోసి ఒకదానిలో బీట్‌రూటు రసం రెండు చుక్కలు, ఒకదానిలో చిటికెడు పసుపు కలపండి. మూడోది అలాగే ఉంచండి. ఏది ఎక్కువ తియ్యగా ఉందో పదిమందిని విడివిడిగా అడగండి. ఒకరి జవాబు ఇంకొకరు వినకూడదు.

3. అమ్మ అనుమతితో ఇంట్లో చిన్నపిల్లలతో ఇలా చేయండి. క్యారెట్టును ఒక పూట మామూలు ముక్కలుగా, ఇంకో పూట పువ్వు ఆకారంలో కోసి ఉడికించి, ఒకే బరువు పెట్టండి. మారేది ఆకారం ఒక్కటే కావాలి. వేళ, ఉప్పు, పక్కన కూర్చునే మనిషి మారకూడదు. మిగిలిన ముక్కలు లెక్కపెట్టి పది రోజులు పట్టికలో రాయండి. ఒక్క బిడ్డతో చేసిన పరీక్ష లోకమంతటికీ వర్తించదని పట్టిక కింద మరిచిపోకుండా రాయండి.

జాగ్రత్తలు: అయిదేళ్ళలోపు పిల్లలకు చెనక్కాయ గింజలు, నిండు ద్రాక్షపండ్లు, పచ్చి క్యారెట్టు గట్టి ముక్కలు పెట్టకూడదు. గొంతుకు అడ్డుపడితే ప్రాణాపాయం. పుల్లలు గుచ్చి ఇవ్వకండి. నవ్విస్తూ, పరుగెత్తిస్తూ తినిపించకండి. బిడ్డ బరువు తగ్గుతున్నా, మింగడానికి బాధపడుతున్నా, ఒకటి రెండు పదార్థాలు తప్ప ఏదీ ముట్టకపోయినా ఆటలతో కాలం గడపక డాక్టరుకు చూపించాలి.

పువ్వు క్యారెట్టును కూడా మీ చెల్లెలు పక్కన పెట్టేస్తే ఆ రోజు గడిలో "తినలేదు" అని రాయండి. మరునాడు మళ్ళీ ఒక చిటికెడు పెట్టండి. మొదటి మూడు రోజుల గడులను చూసి పరీక్ష ఆపేయకండి. పదో రోజు గడి నిండాకే ఫలితం చెప్పాలి.